చూపునకు హద్దు: ఇల్లు కట్టువాడు, పొరుగువాడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత యెఱుగని తెలుగువాడుండడు. ఈ రెండు కార్యములందును ధనవ్యయము, శరీరశ్రమ, మనఃక్లేశము సమానములని దాని భావముగా మనము చెప్పుకొనుచుందుము. కాని యీ రెండింటికిని మఱియొక పోలిక కలదు. పెండ్లి ఇద్దరికి మాత్రమే సంబంధించినది కాక రెండు కుటుంబములకు సంబంధించినట్లే, ఇల్లును కట్టించువానికి మాత్రమే సంబంధించినది కాదు. ఆ యింటి గోడ యెత్తు పొరుగువాని పెరటిలో పడు ఎండను నిర్ణయించును. ఆ యింటి చూరు పొరుగువాని పునాదిలోనికి దిగు నీటిని నిర్ణయించును. ఆ యింటి కిటికీ, పొరుగింటి ఇల్లాలు తలంటుకొని పెరట నిశ్చింతగా కూర్చుండగలదో లేదో నిర్ణయించును. కట్టించువాడు తన స్థలములోనే కట్టుచున్నాడు, నిజమే. కాని వెలుతురు, గాలి, నీరు, చూపు అను ఈ నాలుగును హద్దురాళ్లను లెక్కచేయవు.

తరతరముల క్రిందట తెలుగునేలను విడిచి వచ్చి అన్యభాషల నడుమ స్థిరపడిన మనకు ఈ విషయము మఱింత ముఖ్యమైనది. మన వీథిలో మనము కొద్దిమందిమి. మన పొరుగువారు తమిళులో, కన్నడిగులో, ఒడియావారో, మహారాష్ట్రులో అయియుందురు. మన సభలలో జరుగు ఉపన్యాసములను వారు వినరు. మన సంచికలను వారు చదువరు. మనలను గూర్చి వారు తెలిసికొనునది మన గోడను, మన తూమును, మన కిటికీని చూచియే. కావున ఇల్లు కట్టుకొనువాని స్వేచ్ఛకును, పొరుగువాని మఱుగునకును నడుమ మన పెద్దలు ఏ విధముగా పొత్తు కుదుర్చుకొనిరో, ఆ పొత్తు ఎక్కడ చెడినదో చరిత్రదృష్టితో పరిశీలించుట మా యుద్దేశము.

ధర్మశాస్త్రముల మాట

కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము పేరు మాత్రమే మిగిలిన గ్రంథముగా నుండెను. తంజావూరు జిల్లాకు చెందిన ఒక పండితుడు మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు ఇచ్చిన తాళపత్రప్రతి నాధారము చేసికొని రుద్రపట్నం శామశాస్త్రిగారు 1909లో మూలమును, 1915లో ఆంగ్లానువాదమును ప్రకటించిరి. తమిళదేశమునుండి కన్నడదేశమునకు చేరిన ఆ తాటియాకులలో, మూడవ అధికరణమున, గృహవాస్తుకమను ప్రకరణ మొకటి కలదు. మన ప్రస్తుతవిషయమంతయు అందు బీజరూపమున నున్నది.

ముందుగా "వాస్తువు" అను మాటను గమనింపవలెను. నేడు మనము వాస్తువనగా ద్వారము ఏ దిక్కున నుండిన మనకు శుభమో చెప్పు శాస్త్రమని యెంచుచున్నాము. కౌటిల్యుని దృష్టిలో ఇల్లు, పొలము, తోట, కట్ట, చెఱువు – ఇవి వాస్తువులు. వీనిని గూర్చిన వివాదములను ఎవరు తీర్పవలెను? సామంతులు తీర్పవలెనని ఆయన విధించెను. తరువాతి కాలమున చిన్నరాజులకు పేరైన "సామంతుడు" అను పదమునకు ఇచ్చట పొరుగువాడని అర్థము. హద్దున కావలివైపున ఉండువాడే హద్దునకు సాక్షి యన్న మాట.

ఇక విధులు. క్రొత్తగా కట్టు గోడ పొరుగువాని గోడనుండి ఇంచుమించు రెండు మూరల దూరమున నుండవలెను. మురుగుకాలువ, పొయ్యి, తిరుగలి మొదలగువానికిని ఎడము చెప్పబడినది. పురిటి దినములు పదింటికొఱకు ఏర్పఱచుకొను తాత్కాలికపు గుంటకు మాత్రము మినహాయింపు కలదు. శాస్త్రకారుని హృదయము అచ్చట కనబడుచున్నది. వెలుతురునకై కిటికీ పెట్టుకొనవచ్చును, కాని అది చిన్నదిగను, ఎత్తుగను ఉండవలెను. పొరుగువానికి బాధ కలుగునట్లు ఎదురుగా ద్వారముగాని కిటికీగాని పెట్టినవానికి దండన విధింపబడినది. నడుమ రాజమార్గమో రథ్యయో ఉన్నచో ఆ దోషము లేదు. వీథి యందఱిది కావున వీథివైపు చూపు తప్పు కాదు, సందువైపు చూపు తప్పు.

వీనియన్నిటికంటె మాకు విలువైనదిగా తోచునది ఆ ప్రకరణమందలి మఱియొక విధి. ఇండ్లవారు తమలో తాము కూడి ఒప్పుకొన్నచో తమకు నచ్చినట్లు కట్టుకొనవచ్చును, కాని అనిష్టమైనదానిని నివారించుకొనవలెను అని దాని సారాంశము. అనగా కొలతలు చివరిమాట కావు, ఒడంబడికయే చివరిమాట. ఒడంబడిక కుదరనప్పుడు మాత్రమే కొలబద్ద అవసరమగును.

తరువాతి స్మృతికారులు ఈ మార్గమునే అనుసరించిరి. ఇంటి గవాక్షములను, నీటితూములను అడ్డగించువాడు దండ్యుడనిరి. మఱుగుదొడ్డిని, నీటిగుంటను, నిప్పును పరుల గోడకు రెండు మూరలు వదలి పెట్టుమనిరి. కాపురము మొదలైన నాటినుండి అనుభవములో నున్న కిటికీని, తూమును కదల్పరాదనిరి. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరుని ధర్మశాస్త్రమును "విజ్ఞానేశ్వరీయము" అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వ్యవహారధర్మము సంస్కృతపండితుల సొత్తుగా మాత్రమే నిలిచిపోక తెలుగున మాటాడ మొదలిడిన కాలమది.

లోపలికి చూచు ఇల్లు

శాస్త్రము చెప్పినదానిని మన మేస్త్రీలు, వడ్రంగులు మాటలతో కాక కట్టడముతోనే సాధించిరి. కోస్తా ప్రాంతపు మండువా లోగిలిని తలచుకొందము. నడుమ ఆకాశమునకు తెఱపియైన చదరపు మండువా. దాని నాలుగు ప్రక్కల వసారాలు. వాని వెనుక గదులు. పైకప్పు నాలుగువైపులనుండి లోపలికి వాలును. వాననీరు పొరుగువాని గోడపై పడక మన మండువాలోనే పడి, మన తూముగుండ వీథికో పెరటికో పోవును. గదులకు వెలుతురు మండువానుండి వచ్చును. కావున ప్రక్కగోడలకు కిటికీలతో పనియే లేదు. చూపు, గాలి, నీరు, వెలుతురు అను నాలుగు వివాదములను ఒక్క అంగణము తీర్చినది.

ఈ యింటికి వీథివైపున అరుగు కలదు. అరుగు మన సొత్తే, కాని అది యూరివారిది కూడ. బాటసారి అచ్చట కూర్చుండును, పొరుగువాడు అచ్చట మాటాడును. గడప దాటినచో వేఱు ప్రపంచము. అరుగు, గడప, మండువా, పెరడు అను వరుసలో ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క మర్యాద ఏర్పడియుండెను. ఎవడు ఎంతవఱకు రావచ్చునో, ఎంతవఱకు చూడవచ్చునో ఇల్లే చెప్పుచుండెను.

విజయనగరకాలమునను, తరువాత మధుర నాయకుల (1529–1736), తంజావూరు నాయకుల (1532–1673) పాలనలోను దక్షిణమునకు తరలిన తెలుగు కుటుంబములకు ఆ దేశపు ఇండ్లు కొత్తగా తోచియుండవు. తమిళదేశపు ఇంటికి ముందు తిణ్ణై, లోపల ముట్రమను అంగణము, దాని ప్రక్కన కూడము. మన తిన్నెకు వారి తిణ్ణైకి చుట్టరికము పేరులోనే యున్నది. కన్నడదేశమున అరుగు "జగలి". అంగణము చుట్టును కట్టిన ఇల్లు "తొట్టిమనె". మహారాష్ట్రమున పాత వాడాల నడుమ "చౌక్" ఉండును. ఒడియావారికి అంగణము "అగణా", అరుగు "పిండా". పేరులు మాఱినవి, మర్యాద మాఱలేదు. భాష రాని ఊరిలో దిగిన మన పూర్వులు పొరుగువాని యింటి ముందు నిలిచినప్పుడు ఎక్కడ ఆగవలెనో వారికి తెలియును. ఆ యింటి వ్యాకరణము వారికి తెలిసినదే.

అగ్రహారపు వీథులలో ఇంటికిని ఇంటికిని నడుమ సందు లేదు. ఒకే గోడ ఇరువురిది. దూలము లిటునుండి కొన్ని, అటునుండి కొన్ని దానిపై నానును. ఇంత దగ్గఱగా నున్నను ఒకరి లోపలిభాగము మఱియొకరికి కనబడదు. గోడలకు చెవులుండునన్న సామెత పుట్టినదేగాని, ఆ గోడలకు కన్నులు మాత్రము లేవు.

ఊరూరి తీరు

మనవారు నెలకొన్న ఇతర తావులను గూడ చూతము. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడునంతవఱకు బరంపురము మద్రాసు రాష్ట్రములోని గంజాం జిల్లాలో నుండెను. ఆ ప్రాంతపు పాత వీథులలో ఇండ్లు గోడకు గోడ ఆనుకొని, వీథి వాకిటినుండి పెరటి వాకిలి దాక పొడుగుగా సాగియుండును. ముఖభాగ మిఱుకైనను లోతు అధికము. అట్టి వీథిలో ఒకరు తమ యింటిని రెండంతస్తులకు లేపినచో, ప్రక్క అంగణములన్నియు వారి కన్నుల క్రిందికి వచ్చును. అంతవఱకు ఆకాశమునకు మాత్రమే తెఱపియైన అంగణము మేడమీదివానికిని తెఱపి యగును.

షోలాపురములో సమస్య వేఱు. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు ఆ నగరపు నేతపనికి ప్రాణమైరి. నేతకాని యిల్లు ఇల్లుగను, కార్ఖానాగను రెండు విధముల పనిచేయును. మగ్గమునకు వెలుతురు కావలెను. కావున కిటికీ కావలెను. మరమగ్గములు వచ్చిన తరువాత చూపుతో పాటు చప్పుడు కూడ హద్దు దాటినది. పొరుగువాడును నేతకాడే యగుటచే ఆ చప్పుడు కొంతకాలము సమానదుఃఖముగా సాగినది. వృత్తులు వేఱైన నాడు ఒకని జీవనాధారము మఱియొకని నిద్రకు శత్రువగును.

బొంబాయిలో కామాఠీపుర మనుపేరు తెలుగుదేశమునుండి పోయిన కామాఠీ కూలీలనుబట్టి వచ్చినదే. బొంబాయి చాళ్లలో ఒకే పొడుగు వరండా, దానివెంట వరుసగా గదులు, అందఱకు కలిపి కుళాయిలు. అచ్చట గోడలవలన కలుగు మఱుగు మిక్కిలి స్వల్పము. వాకిటికి వ్రేలాడదీసిన తెఱగుడ్డయు, చూచియు చూడనట్లు పోవు పొరుగువాని సంస్కారమును కలిసి గోడపని చేసినవి. మఱుగు అనునది ఇటుకలతో మాత్రమే కట్టబడదనుటకు ఇంతకంటె నిదర్శనము లేదు.

యానాము కథ చిత్రమైనది. గోదావరీతీరమున నున్న ఆ తెలుగుపట్టణము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, 1962లో న్యాయతః భారతదేశమున కలిసెను. 1804లో ఫ్రాన్సున వెలువడిన సివిల్ కోడు 1819లో ఫ్రెంచి ఇండియాకు వర్తింపజేయబడినది. వివాహము, దాయభాగము మొదలగు విషయములలో హిందువుల ఆచారములు హిందువులకే విడువబడినవి. ఆ కోడులో పొరుగింటిపై చూపును గూర్చి ప్రత్యేకముగా అధికరణములున్నవి. ఉభయుల గోడలో ఒకరు రెండవవారి యనుమతి లేక కిటికీ తెఱవరాదు. తన సొంత గోడయైనను హద్దున నున్నచో, తెఱచుటకు వీలులేని అద్దమును ఇనుపజాలియు బిగించి వెలుతురు మాత్రము తెచ్చుకొనవచ్చును. అదియును క్రింది యంతస్తులో నేలకు 26 డెసిమీటర్ల యెత్తున, అనగా ఎనిమిదిన్నర అడుగులపైన. మీది యంతస్తులలో 19 డెసిమీటర్ల యెత్తున, అనగా ఆరడుగుల మూడంగుళములకు ఇంచుమించు సమమైన యెత్తున ఉండవలెను. సూటిగా చూచు కిటికీ పెట్టవలెనన్న హద్దునకు 19 డెసిమీటర్లు, ఓరగా చూచుదానికి 6 డెసిమీటర్లు ఎడముండవలెను. పైకప్పు నీరు తన నేలమీదనో వీథిలోనో పడవలెనుగాని పొరుగువాని నేలపై పడరాదు.

ఈ కొలతలను కౌటిల్యుని "చిన్నది, ఎత్తైనది" అను కిటికీ ప్రక్కన పెట్టి చూడుడు. ఇరువురకును ఎట్టి సంబంధము లేదు. అయినను నిలుచున్న మనుష్యుని కన్ను ఎంత యెత్తున నుండునో పాటలీపుత్రమునను, పారిసునను ఒక్కటియే. కావుననే ఒకే సమస్యకు ఇరుదేశములవారు ఒకే పరిష్కారము కనుగొనిరి.

న్యాయస్థానపు మెట్లపై

బ్రిటిషువారి కాలమున ఇంటి స్వరూపమే మాఱినది. నడుమ అంగణము గల యింటికి బదులు నాలుగువైపుల ఖాళీస్థలమును, నాలుగువైపుల కిటికీలును గల బంగళా గౌరవచిహ్నమైనది. మండువా యిల్లు లోపలికి చూచును. బంగళా బయటికి చూచును. విశాలమైన తోట నడుమ బంగళా యెవరికిని కీడు చేయదు. అదే బంగళాను కుదించి పేటలోని చిన్నస్థలమున కట్టినప్పుడు, దాని కిటికీలు తోటను కాక పొరుగింటి వంటగదిని చూచును. వివాదములు ఇచ్చట మొదలైనవి.

ఈ వివాదములు కోర్టుల కెక్కినప్పుడు దేశమంతట ఒకే తీర్పు రాలేదు. గుజరాతులో అంతఃపురభాగములపై చూపు పడునట్లు కిటికీ తెఱవరాదను ఆచారమును బొంబాయి హైకోర్టు 1860ల దశకముననే అంగీకరించెను. 1888లో అలహాబాదు హైకోర్టు గోకుల్ ప్రసాద్–రాధో వ్యాజ్యమున వాయవ్యరాష్ట్రములలోను అట్టి ఆచారహక్కు కలదని తీర్మానించెను. మద్రాసు హైకోర్టు మాత్రము, పొరుగువాని కిటికీనుండి చూపు పడుట తనంతతానే వ్యాజ్యకారణము కాదని ఆ శతాబ్దపు చివరి దశాబ్దమున నిర్ణయించెను. అనగా ఒకే తెలుగు కుటుంబమునకు గుజరాతులో ఉన్నచో రక్షణ దొరకవచ్చును. మద్రాసులో ఉన్నచో "నీ మఱుగు నీవే కట్టుకొనుము" అను సమాధానము దొరకును.

1882లో వచ్చిన ఈజ్‌మెంట్ చట్టము మొదట మద్రాసు, మధ్యరాష్ట్రములు, కొడగు ప్రాంతములకు వర్తించి, 1891లో బొంబాయి మొదలగు ప్రాంతములకు వ్యాపించినది. ఇందులో మనమెఱుగవలసిన అంశములు మూడు. మొదటిది: ఇరువది సంవత్సరములు శాంతియుతముగా, ఎడతెగక ఒక కట్టడములోనికి వచ్చుచున్న వెలుతురును గాలిని పొరుగువాడు అడ్డగింపరాదు. రెండవది: ఖాళీనేలపై పడు వెలుతురునకు ఇట్లు కాలానుభవముచే హక్కు రాదు. మూడవది: 18వ సెక్షను క్రింద ఆచారమువలన కూడ హక్కు సిద్ధించును. దానికి చట్టమే చూపిన ఉదాహరణములలో ఒకటి, పొరుగువాని మఱుగును భంగపఱచు క్రొత్త కిటికీ తెఱవరాదను పట్టణాచారము. అట్టి ఆచారము తమ యూర నున్నదని నిరూపించు భారము మాత్రము వాదిపై నున్నది.

ఇక దృశ్యము మాట. మా కిటికీనుండి ఇంతకాలము గోపురము కనబడుచుండెను, పొరుగువాడు మేడ కట్టి దానిని మఱుగుపఱచెనని బాధపడువారు కలరు. ఆ బాధ నిజమైనదే. కాని దానికి చట్టములో చోటు లేదు. ఇంగ్లండులో 1610 నాటి ఆల్డ్రెడ్ వ్యాజ్యముననే, అందమైన దృశ్యము ఆనందమునకు సంబంధించినదిగాని అవసరమునకు సంబంధించినది కాదని, దానికి వ్యాజ్యము లేదని తేల్చిరి. మన న్యాయస్థానములును ఆ మార్గముననే నడచినవి. పొరుగువాని కొఱకు కాక ఊరందఱి కొఱకు దృశ్యమును కాపాడుట మాత్రము ప్రభుత్వము చేయగలదు. మధురలో మీనాక్షీ సుందరేశ్వరాలయమునకు ఒక కిలోమీటరు లోపల 9 మీటర్లకు మించిన యెత్తున కట్టరాదను నిబంధన 1997లో వచ్చినది. గోపురదర్శనము ఒకరి కిటికీ హక్కు కాదు, ఊరి హక్కు అని దాని యంతరార్థము.

గోడలు విడిపోయిన కాలము

1898లో బెంగుళూరునకు ప్లేగు వచ్చినది. కిక్కిఱిసిన పాతపేటల గాలి వెలుతురు లేమి అందఱికిని భయకారణమైనది. బసవనగుడి, మల్లేశ్వరము అను క్రొత్తపేటలు ఆ కాలముననే విస్తరించినవి. నిడుపైన వీథులు, ఇండ్ల వెనుక పారిశుద్ధ్యపు సందులు, ఇంటికింటికి ఎడము అను క్రొత్త క్రమము వచ్చినది. ఆ నగరపు పాత బంగళాల కిటికీలపై కొయ్యపట్టీలతో చెక్కిన కోసుగూళ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. "మంకీ టాప్" అని వానికి వాడుకపేరు. అవి ఎండను ఆపుటయేగాక లోపలివారికి కొంత మఱుగును ఇచ్చుచుండెను. బయటికి చూచు ఇంటికి కూడ కనుఱెప్ప యొకటి అవసరమని ఆనాటి వడ్రంగులు గ్రహించిరి.

మద్రాసు రాష్ట్రమున 1920లో పట్టణనిర్మాణ చట్టము వచ్చినది. ఇంటి చుట్టును ఇంత స్థలము వదలవలెనను నియమము క్రమముగా అన్ని పట్టణములకు వ్యాపించినది. ఆరోగ్యదృష్టిచే ఇది మంచిదే. కాని దీనివలన ఎవరును తలపెట్టని ఫలిత మొకటి కలిగినది. గోడలు కలిసియున్నప్పుడు వానిలో కిటికీలు లేవు. గోడలు కొద్ది అడుగులు విడిపోగానే రెండు గోడలకును కిటికీలు మొలిచినవి. ఆ కొద్ది అడుగులు గాలికి చాలును, కంటికి చాలవు. గోడలు కలిసిననాడు కలియని చూపులు గోడలు విడిపోయిననాడు కలిసినవి. మునిసిపాలిటీ నియమము గజములను లెక్కించును. ఏ కిటికీ ఏ కిటికీకి ఎదురుపడునో అది లెక్కింపదు.

తరువాత అపార్టుమెంట్లు వచ్చినవి. ఒకప్పటి ఒంటి లోగిలి స్థలమున నేడు పది, ఇరువది కుటుంబము లుండుట సాధారణము. ప్రక్కన ఇంకను పాత పెంకుటిల్లు మిగిలియున్నచో దాని పెరడు, బావిగట్టు, తులసికోట అన్నియు ఇరువది కిటికీలకు లోబడియుండును. దీనికి తోడు నేడు గోడలకు కెమెరాలు వచ్చినవి. కిటికీలోని మనుష్యుడు కొంతసేపటికి ప్రక్కకు తిరుగును. కెమెరా తిరుగదు, మఱువదు.

2017 ఆగష్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగపు 21వ అధికరణములోని ప్రాథమికహక్కని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమును తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. ఆ తీర్పు ముఖ్యముగా పౌరునికి ప్రభుత్వమునకు నడుమ నిలుచు కంచె. పొరుగువానికి పొరుగువానికి నడుమ నేటికిని నిలిచియున్నవి ఈజ్‌మెంట్ చట్టము, మునిసిపల్ నియమములు, అన్నిటికంటె పైన పరస్పరమర్యాద.

నేటి కర్తవ్యము

ఈ చరిత్రనుండి క్రొత్త ఇల్లు కట్టించు మన కుటుంబములు గ్రహింపదగినవి కొన్ని కలవు.

శంకుస్థాపనకు ముందే ప్లానును పొరుగువారికి చూపుట మొదటిది. గోడ లేచిన తరువాత వచ్చు అభ్యంతరము కలహమగును. గీత గీసినప్పుడు వచ్చు అభ్యంతరము సలహా యగును. కాగితముమీది కిటికీని జరుపుటకు రబ్బరు చాలును, గోడలోని కిటికీని జరుపుటకు గునపము కావలెను. కుదిరిన మాటను ఇరువురకును తెలిసిన భాషలో నాలుగు పంక్తులు వ్రాసికొనుట మేలు. మన తరమునకు మాట చాలును, మన పిల్లల తరమునకు పత్రము కావలెను.

కిటికీని కిటికీ కెదురుగా పెట్టక ప్రక్కకు జరుపుట రెండవది. స్నానపుగది, పడకగది, వంటయిల్లు ఉన్న దిక్కున కంటి యెత్తునకు మించి చిన్న గవాక్షముల నుంచినచో వెలుతురును గాలియు వచ్చును, చూపు పోదు. యానాము కొలతయు, కౌటిల్యుని మాటయు మనకు నేర్పు పాఠమిదియే. జాలిగోడ, ఓరగా నిలిపిన పలకలు, తీగెలు ప్రాకించిన పందిరి కూడ ఈ పనిని చేయును.

మండువాను మఱల తలచుకొనుట మూడవది. స్థలము చిన్నదైనను నడుమ ఎనిమిదడుగుల చదరపు తెఱపి వదలగలిగినచో, ఇల్లు తన వెలుతురును తానే తెచ్చుకొనును. పొరుగువాని సందును అర్థింపనక్కరలేదు. మేడలపై పిట్టగోడను నిలువెత్తున లేపుట, నీటితొట్టి పొరుగువాని గోడ ప్రక్క కాక మన నడుమగోడపై నుంచుట, తూములను వీథివైపు త్రిప్పుట, చల్లదనపు యంత్రపు వేడిగాలిని పొరుగు కిటికీలోనికి వదలకుండుట, కెమెరా కన్నును మన వాకిటికి మాత్రమే పరిమితము చేయుట – ఇవి యన్నియు ఆ పాతమర్యాదకే క్రొత్తరూపములు.

ఇక రెండవ ప్రక్క మాట కూడ చెప్పవలెను. పొరుగువాడు కట్టుచున్నప్పుడు ప్రతి యిటుకకును అడ్డుపడుట ధర్మము కాదు. వానికిని పిల్లలు పెరుగుచున్నారు, గదులు కావలెను. మనకు ఇంతకాలము కనబడిన మామిడిచెట్టో, కొండయో, గోపురశిఖరమో రేపు కనబడకపోవచ్చును. అది మనము అనుభవించిన భాగ్యమేగాని మన ఆస్తి కాదు. మన గదిలోనికి రావలసిన వెలుతురు విషయమున గట్టిగాను, మన కంటికింపైన దృశ్యము విషయమున మెత్తగాను మాటాడుట వివేకము. చట్టమును ఈ భేదమునే పాటించుచున్నది.

మన పూర్వులు పరభాషల వీథులలో దిగి స్థలము కొని ఇల్లు కట్టుకొన్ననాడు వారికి అచ్చట బంధువులు లేరు. పురిటికి, చావునకు, దొంగతనమునకు, అగ్నిప్రమాదమునకు మొదట పరుగెత్తుకొని వచ్చినవాడు పొరుగువాడే. ఆ పొరుగువాని పిల్లలతో ఆడుకొనియే మన పిల్లలు తమిళమును, కన్నడమును, ఒడియాను, మరాఠీని నేర్చిరి. వారి పెద్దలును మన అరుగులపై కూర్చుండి నాలుగు తెలుగు మాటలు నేర్చిరి. నేడు ఆ పాత ఇండ్లు ఒక్కొక్కటిగ పడిపోవుచున్నవి. అరుగులను వీథులు మ్రింగినవి, మండువాలపై కాంక్రీటు కప్పబడినది. ఇండ్లను నిలుపుట అందఱకును సాధ్యము కాదు. అవి నేర్పిన నడవడిని నిలుపుకొనుట సాధ్యమే.

కావున క్రొత్త ఇంటి సౌష్ఠవమును కొలుచునప్పుడు ముందుభాగపు సొగసును, లోపలి సౌకర్యమును మాత్రమే కాక, ప్రక్కయింటి పెరటిలో నిలుచుండి కూడ ఒకమాఱు చూడవలెను. అచ్చటినుండి చూచినప్పుడు ఆ యిల్లు బెదిరించునట్లు కాక, వీపు త్రిప్పి మర్యాదగా నిలుచున్న మనుష్యునివలె కనబడినచో, అది చక్కని ఇల్లు. అట్టి యింటి గృహప్రవేశమునకు పొరుగువారు పిలువకయే వత్తురు. వచ్చి, ఏ భాషలోనైనను, మనసార దీవింతురు.